పరీక్షనాడు మాత్రమే మంచిదైన కారు

గత మాసమున పదవ తరగతి బాలుడొకడు నన్నొక ప్రశ్న అడిగెను. "అయ్యవారూ, జర్మనీ కారంటే అందరూ అంత గొప్పగా చెప్తారే, ఎందుకు?" వాని తండ్రి మన హోసూరు కర్మాగారములలో ఒకదానియందు పనివాడు. లారీలును, మోటారు సైకిళ్ళును తయారగు ఊరిలో పెరుగు పిల్లవానికి ఇట్టి సందేహము కలుగుట సహజమే. నేను తెలుగు చెప్పువాడనే గాని యంత్రములను గూర్చి చెప్పువాడను కాను. ఐనను వాని ప్రశ్నలోని 'గొప్ప' యను మాట నన్ను విడువలేదు. గొప్ప పేరు ఎట్లు వచ్చును? వచ్చిన పేరు ఎట్లు పోవును? పోయినది మరల వచ్చునా? ఈ మూడు ప్రశ్నలకును ఫోక్స్‌వాగన్ అను ఒక్క సంస్థ చరిత్రలోనే సమాధానము కలదు. కారును గూర్చి చెప్పుచు చెప్పుచు తుదకు మన బడిని గూర్చియు చెప్పబోవుచున్నానని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ముందుగనే మనవి చేయుచున్నాను.

ఫోక్స్‌వాగన్ అను జర్మను మాటకు 'ప్రజల బండి' యని అర్థము. 1930 ప్రాంతమున జర్మనీలో కారు ధనికుల సొత్తు. సామాన్యునకు చౌకగా చిన్నకారు లభింపవలెనని అనేకులు తలంచుచుండిరి. యోసెఫ్ గాంజ్ అను యూదు ఇంజనీరు ఈ విషయమై పత్రికలో వాదించుటయే గాక నమూనాలను కూడ నిర్మించెను. నాజీలు అధికారమునకు వచ్చిన పిదప అతడు దేశము విడిచిపోవలసి వచ్చెను. 1934లో హిట్లరు ప్రోద్బలమున ఆ పని ఫెర్డినాండ్ పోర్షె అను ఇంజనీరునకు అప్పగింపబడెను. 1937 మే 28వ తేదీన సంస్థ ఏర్పడెను. మరుసటి సంవత్సరము ఫాలర్స్‌లేబెన్ అను చిన్న ఊరి చెంత కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. నాజీలు కార్మిక సంఘములను రద్దుచేసి లాగుకొనిన ఆస్తులు ఆ కర్మాగారపు మూలధనములో చేరినవి. పేరేమో ప్రజల బండి. పునాది రాళ్ళేమో ప్రజల యొద్ద నుండి దోచినవి.

కారు వెల 990 మార్కులని ప్రకటించిరి. వారమునకు 5 మార్కుల స్టాంపు నొకదానిని కొని ఒక పుస్తకమున అంటించుచు పోవలెను. వెల పూర్తిగా చెల్లిన పిదప కారు ఇత్తురు. చీటీలు కట్టు మన తల్లులకు ఈ పద్ధతి బాగుగ తెలియును. కడుపు కట్టుకొని కూడబెట్టిన సొమ్మును ఇట్లు చెల్లించిన జర్మనులు 3,36,000 మంది. 1939లో యుద్ధము వచ్చెను. చెల్లించినవారిలో ఒక్కరికైనను కారు అందలేదు. వారు యుద్ధానంతరము న్యాయస్థానముల చుట్టు ఏండ్ల తరబడి తిరిగిరి. తుదకు 1961లో రాజీ కుదిరెను. కొత్త కారు కొనువారికి వెలలో 600 మార్కుల వరకు తగ్గింపు, వద్దనువారికి 100 మార్కుల నగదు. అంతియే.

యుద్ధకాలమున ఆ కర్మాగారము సైన్యమునకు బండ్లను, ఆయుధ భాగములను చేసెను. చేసిన చేతులెవరివి? పోలెండు నుండియు, సోవియట్ దేశము నుండియు, ఇతర దేశముల నుండియు బలవంతముగా తేబడినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరములలోని బందీలు, అందరును కలిసి సుమారు 20,000 మంది అచ్చట వెట్టిచాకిరి చేసిరి. ఆ స్త్రీలకు పుట్టిన శిశువులను తల్లుల నుండి వేరుచేసి ఒక నిలయమున ఉంచిరి. పాలు లేక, పారిశుద్ధ్యము లేక అందు మూడు వందలకు పైగా శిశువులు మరణించిరి. ఆ నిలయమునకు బాధ్యుడైన వైద్యునకు బ్రిటిషు సైనిక న్యాయస్థానము మరణదండన విధించెను. చిన్నపిల్లలు చదువు పత్రికలో ఇది వ్రాయవలెనా యని సందేహించితిని. మెరుగు రంగును మాత్రమే చూపి దాని క్రింది త్రుప్పును దాచుట కూడ అసత్యమే గనుక వ్రాసితిని.

1945లో యుద్ధము ముగిసెను. సగము కూలిన కర్మాగారము బ్రిటిషు సైన్యము వశమయ్యెను. ఊరికి కొత్తగా వోల్ఫ్స్‌బుర్గ్ అను పేరు వచ్చెను. ఐవన్ హర్స్ట్ అను బ్రిటిషు సైనిక ఇంజనీరు అచ్చటికి పంపబడెను. అతడు మూలబడిన కారు నొకదానికి ఆకుపచ్చ రంగు వేయించి సైన్యాధికారులకు చూపెను. వారికి బండ్ల కరవు తీవ్రముగా ఉన్నందున 20,000 కార్లు కావలెనని కోరిరి. బ్రిటన్ దేశపు కార్ల తయారీదారులు వచ్చి చూచి, దీనివలన లాభము లేదని పెదవి విరిచి పోయిరి. హర్స్ట్ మాత్రము పట్టువిడువక, తయారైన ప్రతి బండిని నిశితముగా తనిఖీ చేయు పద్ధతిని అచ్చట నెలకొల్పెను. ఈ తనిఖీ యను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ సంస్థకు పేరు వచ్చినదియు దానివలననే, పోయినదియు దానివలననే.

1948లో హైన్రిఖ్ నోర్డ్‌హాఫ్ ఆ సంస్థకు అధిపతి యయ్యెను. ఆనాటి కారు చూపునకు అందమైనది కాదు. వీపు గుండ్రముగా ఉండుటచే జనులు దానిని బీటిల్, అనగా పెంకుపురుగు, అని పిలిచిరి. ఇంజను వెనుక భాగమున ఉండును. దానిని చల్లబరచుటకు నీరు అక్కరలేదు, గాలి చాలును. నీరే లేనప్పుడు ఎండకు మరుగుటయు లేదు, చలికి గడ్డకట్టుటయు లేదు, రేడియేటరు కారుటయు లేదు. బలము 25 గుర్రములది మాత్రమే. ఇతర సంస్థలు ఏటేట బండి ఆకారమును మార్చి కొత్తదని అమ్ముచుండగా, నోర్డ్‌హాఫ్ ఆకారమును అట్లే ఉంచి లోపలి లోపములను ఒక్కొక్కటిగా సవరించుచు వచ్చెను. మరమ్మతు చేయగల మనుషులును, విడిభాగములును సిద్ధము చేసిన పిదపనే పరదేశములందు అమ్మకము సాగింపవలెనని అతని నియమము. పల్లెలో చెడిన బండిని పల్లెలోనే బాగుచేయ వీలైన వాని యందు జనులకు నమ్మకము కుదురుట వింత కాదు.

1955 ఆగస్టులో పది లక్షలవ కారు బయటికి వచ్చెను. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ బీటిల్ తయారై, అమెరికాలోని ఫోర్డు టి నమూనా కారు నెలకొల్పిన లెక్కను దాటెను. 2003 జూలై 30న మెక్సికో దేశపు పువెబ్లా పట్టణమున చివరి బండి తయారగునప్పటికి మొత్తము 2,15,29,464. వెట్టిచాకిరితో మొదలైన బండి సామాన్యుని బండిగా మారినదన్నమాట.

అమెరికాలో ఆ కారునకు వచ్చిన ప్రకటనలలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. 1960 నాటిది. పత్రికలో కారు బొమ్మ, దాని క్రింద ఒకే యొక్క మాట: చెడ్డ బండి అని అర్థమిచ్చు మాట. ఏ వ్యాపారియైనను తన సరకును తానే నిందించుకొనునా? క్రింద వివరణ ఉండెను. లోపలి చిన్న అర తలుపునకు ఉన్న మెరుగు పట్టీపై మచ్చ యుండుటచే ఈ బండిని తనిఖీదారు త్రోసివేసెనట. బండ్లను పరీక్షించుటయే పనిగా వోల్ఫ్స్‌బుర్గ్‌లో 3,389 మంది కలరట. ఒక్క మచ్చకే బండిని త్రోసిపుచ్చువారు మనలను మోసగింపరని జనులు నమ్మిరి. ఆ నమ్మకమే ఆ సంస్థకు అసలైన మూలధనము.

గతమును ఒప్పుకొనుటలో మాత్రము ఆలస్యము జరిగెను. 1986లో గాని సంస్థ తన నాజీకాలపు చరిత్రను వ్రాయుమని హాన్స్ మొమ్‌సెన్ అను చరిత్రకారుని కోరలేదు. ఆ పెద్ద గ్రంథము 1996లో వెలువడెను. 1998లో వెట్టిచాకిరి చేసినవారి కొరకు 2 కోట్ల మార్కుల నిధిని ఏర్పరచిరి. వ్యాజ్యముల భయము లేకుండ ఈ నిధి వచ్చినదని నేను అనను. 1999లో కర్మాగారములోని యుద్ధకాలపు నేలమాళిగలో స్మారక ప్రదర్శనమును తెరచిరి. ఆలస్యమైనను తన తప్పును తన గోడల నడుమనే చూపుటకు ఒప్పుకొనిన సంస్థను మెచ్చుకొనవలసినదే. పేరు మరల వచ్చు మార్గము ఇదియే.

ఆ పేరు బలమెంతటిదో తెలుగునాట కూడ తెలిసి వచ్చెను. విశాఖపట్టణమున ఫోక్స్‌వాగన్ కర్మాగారము వచ్చునను ఆశతో 2005లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము, ఆ సంస్థ పక్షమున వచ్చితిమని చెప్పిన యొక చిన్న కంపెనీకి 11 కోట్ల రూపాయలకు పైగా చెల్లించెను. కర్మాగారము రాలేదు. విషయము సి.బి.ఐ. దర్యాప్తునకు పోయెను. కర్మాగారము మహారాష్ట్రమున పుణె చెంత చాకన్‌లో 2009లో తెరువబడెను. పేరు విని చేయి చాచువాడు చేయి కాల్చుకొనుట కిది యొక నిదర్శనము.

ఇక అసలు కథకు వత్తును. అమెరికాలో డీజిలు కార్ల పొగకు కఠిన నియమములు కలవు. ఆ పొగలోని నత్రజని ఆక్సైడులు ఊపిరితిత్తులకు చెరుపు చేయును, ఉబ్బసము గల పిల్లలను మరింత బాధించును. నియమమునకు లోబడుచు, బలము తగ్గక, వెల పెరుగక ఇంజనును నిర్మించుట ఫోక్స్‌వాగన్ ఇంజనీర్లకు సాధ్యము కాలేదు. 'సాధ్యము కాలేదు' అని పై యధికారులతో చెప్పవలసినది. వారట్లు చెప్పక మరియొక త్రోవ త్రొక్కిరి.

కారును పరీక్షించు పద్ధతి ఎట్టిదనగా, దానిని గదిలో దొర్లెడి ఇనుప రోలర్లపై నిలిపి నడిపింతురు. చక్రములు తిరుగును గాని బండి కదలదు; స్టీరింగును త్రిప్పు పని యుండదు. వేగము కూడ ముందుగా నిర్ణయించిన క్రమమున మారును. కారులోని కంప్యూటరు ఈ గురుతులను గమనించి, 'ఇది పరీక్ష' యని గ్రహించును. వెంటనే పొగను శుద్ధి చేయు యంత్రాంగమును పూర్తిగా పనిచేయించును. గది దాటి వీధిలోనికి వచ్చిన పిమ్మట ఆ శుద్ధిని తగ్గించివేయును. పరీక్షనాడు పెద్దమనిషి, మరునాడు మరియొక మనిషి.

దీనిని బయటపెట్టినవారు ఏ గొప్ప ప్రభుత్వపు గూఢచారులును కారు. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఒక స్వచ్ఛంద సంస్థ కోరికపై, డీజిలు కార్లు ఎంత శుభ్రమైనవో నిరూపింతమను ఉద్దేశముతోనే పని ప్రారంభించిరి. డాన్ కార్డర్ నాయకత్వమున పనిచేసిన ఆ చిన్న బృందమున ఇద్దరు భారతీయులు, అరవింద్ తిరువేంగడము, హేమంత్ కప్పన్న, కలరు. హేమంత్ కప్పన్న మనకు కూతవేటు దూరమున నున్న బెంగళూరువాడే. 2013లో వారు పొగను కొలుచు సాధనములను కారు వెనుక కట్టి, కాలిఫోర్నియా రోడ్లపై నడిపి చూచిరి. ఒక ఫోక్స్‌వాగన్ కారు నియమిత పరిమాణమునకు 15 నుండి 35 రెట్లు, మరియొకటి 5 నుండి 20 రెట్లు విషవాయువును వెలువరించెను. తమ సాధనములే తప్పేమోనని వారు మొదట అనుమానించిరి. వెదకి వెదకి, కొలతలు సరియైనవే యని తేలిన పిదప 2014 మేలో ఉన్నది ఉన్నట్లు ప్రకటించిరి. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఆ మోసమును లోకమునకు వెల్లడించెను.

ఇట్టి ఇంజను అమర్చిన బండ్లు లోకమంతట 1 కోటి 10 లక్షలని సంస్థయే ఒప్పుకొనెను. మన దేశమున మూడు లక్షలకు పైగా బండ్లను సరిచేయుటకై వెనుకకు పిలిచిరి. సంస్థాధిపతి మార్టిన్ వింటర్‌కోర్న్ సెప్టెంబరు 23న పదవి విడిచెను. అమెరికాలో ఒక ఇంజనీరును, ఒక అధికారియు చెరసాలకు పోయిరి. జరిమానాలు, పరిహారములు కలిసి 3,000 కోట్ల యూరోలకు మించినవి. ఒక్క మచ్చకు బండిని త్రోసిపుచ్చితిమని చెప్పుకొనిన సంస్థ కోటికి పైగా బండ్లలో అబద్ధమును అమర్చి పంపినదన్నమాట!

ఇచ్చట కొందరు పెద్దలు నాతో వాదింతురు. "దొరికితే దొంగ, దొరకకుంటే దొర. అందరును చేయునదే, వీరు దొరికిరి, అంతియే. 2016లో లోకమందెల్ల ఎక్కువ బండ్లమ్మినది ఈ సంస్థయే గదా! పేరు పోయినచో అమ్మకమెట్లు సాగెను?" ఈ వాదమును తేలికగా త్రోసివేయజాలము. అమ్మకము సాగినమాట నిజమే. కాని మరియొక లెక్క చూడుడు. 2015లో యూరపులో అమ్ముడైన కొత్త కార్లలో సగమునకు పైగా డీజిలువే. 2020 నాటికి అవి మూడవవంతు కంటె తగ్గినవి. కారణము ఇదొక్కటే కాకున్నను ఇది ముఖ్యమైనదే. ఒకడు ఆడిన అబద్ధమునకు ఆ వృత్తివారందరును మూల్యము చెల్లించిరి. మరియు, రోడ్డు ప్రక్క నడచుచు ఆ గాలి పీల్చిన పిల్లవాని నష్టమును ఏ అమ్మకపు లెక్కలో వేయుదుము?

ఇంత చెప్పిన నేను నిర్దోషినా? కాను. ఇరువది ఏండ్ల క్రిందట పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. మాదిరి పాఠము చెప్పు దినమున పరీక్షాధికారి వచ్చి వెనుక బల్లపై కూర్చుండును. ముందు రెండు దినములు అదే పాఠమును అదే పిల్లలకు రహస్యముగా చెప్పియుంచితిని. అంతతో ఆగక, "నేను ప్రశ్న అడిగినప్పుడు అందరూ చేయెత్తండి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచేయి, తెలియనివాళ్ళు ఎడమచేయి ఎత్తండి" అని కట్టడి చేసితిని. ఆనాడు ప్రతి ప్రశ్నకును తరగతి అంతయు చేతులతో నిండిపోయెను. నేను కుడిచేతులవారినే పిలిచితిని. అధికారి మెచ్చుకొనెను, నాకు మొదటి తరగతి వచ్చెను. మూడవ వరుసలో ఒక బాలుడు గంటసేపు ఎడమచేయి ఎత్తుచునే యుండెను. వానికి ఆ పాఠము ఎవ్వరును చెప్పలేదు. ఆ ఎడమచేయి నేటికిని నా కన్నుల ముందు కదలుచున్నది. పరీక్షను గుర్తుపట్టి వేషము మార్చు కారును గూర్చి చదివినపుడు నాకు మొదట కోపము రాలేదు, సిగ్గు వచ్చినది.

ఇప్పుడు మన బడి మాట. పరాయి భాషల నడుమ తెలుగు మాధ్యమ పాఠశాలను నిలుపుకొనుట సులభము కాదు. పిల్లల సంఖ్య తగ్గకుండవలెనన్న బడికి పేరు కావలెను. పేరనగా ఉత్తీర్ణుల శాతమని మన మందరమును అనుకొనుచున్నాము. కావున గైడులు కొనిపింతుము, జవాబులు బట్టీ పట్టింతుము, వచ్చు ప్రశ్నలను ముందే ఊహించి చెప్పుదుము. తెలుగులో తొంబది మార్కులు వచ్చిన విద్యార్థిని తన అవ్వకు నాలుగు వాక్యముల ఉత్తరము వ్రాయుమనిన కలము కదలక కూర్చుండుట నేను చూచితిని. ఆమె తప్పు కాదది. మేము ఆమెను ఇనుప రోలర్లపై నడిపించితిమే గాని రోడ్డుపై నడిపింపలేదు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బజారులో కన్నడము వినబడు మన పిల్లలకు తెలుగు ఒక పరీక్షాంశముగా మాత్రమే మిగిలినచో, పరీక్ష ముగిసిన మరునాడే అది ఆగిపోవును.

కావున నా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాను. ఈ పత్రికలో ఏటేట మన ఉత్తీర్ణతా శాతమును పెద్ద అక్షరములతో అచ్చువేయుచున్నాము. దాని ప్రక్కనే మరియొక సంఖ్యను కూడ వేయుదము. ముందుగా చెప్పక, ఏదో యొక దినమున, ఆనాటి తెలుగు దినపత్రికను చేతికిచ్చిన, తడబడక చదివి అర్థము చెప్పగలిగినవారు ఎందరు? తమ మాటలలో ఒక ఉత్తరము వ్రాయగలిగినవారు ఎందరు? మొదటి యేట ఆ సంఖ్య చిన్నదై మనకు తలవంపు కలిగింపవచ్చును. తనిఖీకి అధికారులు వచ్చు దినమున వెనుకబడిన పిల్లలను కూడ ముందు వరుసలో కూర్చుండబెట్టుదము. ఇందువలన నలుగురు పిల్లలు వేరే బడికి పోవుదురేమోనని భయపడు సహోపాధ్యాయులకు నేను చెప్పునది ఒక్కటే. మచ్చ యున్నదని తానే చెప్పినవాని బండిని జనులు నమ్మి కొనిరి. మచ్చ లేదని బొంకినవాని పేరు ఒక్క వారములో మంట గలిసెను.

తలిదండ్రులకు కూడ ఒక మనవి. సాయంకాలము బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అని మాత్రమే అడుగకుడు. "ఈ దినము ఏమి తెలియలేదు?" అని అడుగుడు. తెలియలేదని చెప్పుట నేరము కాదని ఇంటిలో నేర్చిన బిడ్డ, రేపు కర్మాగారములో పై యధికారి యెదుట 'ఇది సాధ్యము కాదు, అయ్యా' అని చెప్పగల ఇంజనీరు అగును. వోల్ఫ్స్‌బుర్గ్‌లో కొరవడినది అట్టివారే.

నన్ను ప్రశ్నించిన బాలునకు ఈ సమాధానము చాలునో లేదో ఎరుగను. జర్మనీ కారు గొప్పదే. చూచువారు లేని చోట కూడ మంచిగా చేసినన్నాళ్ళు గొప్పదిగా నుండెను, చూచువారి కొరకు మాత్రమే మంచిగా చేసిననాడు చిన్నదయ్యెను. నాయనా, రేపు తరగతిలో నేను ప్రశ్న అడిగినప్పుడు నీకు జవాబు తెలియకున్నచో ఏ చేతిని ఎత్తినను సరే, నిన్నే మొదట పిలుతును.